పల్లకీ ఎక్కని బ్యూయిక్

ఆర్విల్ కూంబ్స్ రంగు వేసిన కారుకి వంక పెట్టిన మొనగాడు హేజెల్ పార్కు ఊళ్లో ఇంకా పుట్టలేదు. ఈ మాట చెప్పేది ఆర్విలే, అడిగినా అడగకపోయినా. అయితే ఏమాటకామాటే చెప్పుకోవాలి, అది వట్టి గొప్ప కాదు. డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీలో జుట్టు నెరిసేదాకా రంగు గన్ను పట్టినవాడు. రిటైరయ్యాక ఇంటి వెనక గ్యారేజీలో అదే గన్ను మళ్లీ పట్టాడు. చుట్టుపక్కల పాత కార్ల పిచ్చి ఉన్న ప్రతివాడి బండీ ఒక్కసారైనా అతని చేతుల మీదుగా పోయింది. సొంత బండి మాత్రం టార్పాలిన్ కింద తుప్పు తింటూ పడి ఉండేది. ఊరందరికీ సోకులు చేసేవాడి కారు గతి అది!

అది 1970 బ్యూయిక్ గ్రాన్ స్పోర్ట్. గోదాములో సగం నింపేంత ఇంజను, నలుగురు పడుకోగలిగేంత బానెట్టు. తిన్నగా పొమ్మంటే పిడుగులా పోయేది. మలుపు తిరగమంటే మాత్రం పెద్ద మనిషి మెట్లు దిగినట్టు ఒళ్లంతా ఊపుకుంటూ తిరిగేది. బ్రేకు తొక్కితే కాసేపు ఆలోచించుకుని ఆగేది.

దాన్ని బాగు చేద్దామని పంతం పట్టింది ఆర్విల్ కాదు, కూతురు నెడ్రా. ఆ పిల్ల ఓ కార్ల కంపెనీలో, బండ్లని పరీక్షించే షెడ్డులో వైర్లూ కంప్యూటర్లూ చూసే పనిలో ఉంది. నాలుగు చలికాలాలు, బయట మోకాలి లోతు మంచు పడుతుంటే, తండ్రీ కూతుళ్లు గ్యారేజీలో హీటరు పెట్టుకుని ఆ బండితో కుస్తీ పట్టారు. బండితో పట్టింది సగం, ఒకరితో ఒకరు పట్టింది సగం.

"కార్బురేటర్ పీకేస్తావా? దాని ప్రాణమే అది కదే!" అన్నాడు ఆర్విల్ మొదటి ఏడు.

"ప్రాణం కాదు నాన్నా, దగ్గు. చలికాలం పొద్దున్నే అరగంట దగ్గితేగానీ లేవదు."

"నేనూ అంతేగా లేచేది. నన్నూ పీకేస్తావా?"

"నీకు స్పేర్లు దొరకవు. అందుకే ఊరుకున్నా."

చివరికి రాజీకొచ్చారు. కంటికి కనబడేదంతా తండ్రిది, కనబడనిదంతా కూతురిది. పైన చూస్తే ఫ్యాక్టరీ గుమ్మం దాటిన రోజున ఎలా ఉందో అలాగే ఉండాలి. లోపల కొత్త బ్రేకులు, కొత్త స్ప్రింగులు, ఐదు గేర్ల పెట్టె, పాత ఇంజనుకి పెట్రోలు ఎంత కావాలో లెక్క చూసి అందించే కంప్యూటరు. మలుపుల్లో ముందు వైపు బరువు తగ్గాలని బ్యాటరీని తీసుకెళ్లి వెనక డిక్కీలో పెట్టింది నెడ్రా. ఆర్విల్ గొణిగాడు గానీ అడ్డు చెప్పలేదు. తన వంతు వచ్చినప్పుడు ఛాసిస్ అడుగు భాగం కూడా, ఎవడూ తొంగి చూడని మూలలు కూడా, అద్దంలా మెరిసేలా రంగు కొట్టాడు. నల్లచెర్రీ రంగు. చూసినవాడు నోరు మూయడం మరిచిపోయేవాడు.

అంతవరకు బాగానే ఉంది. అసలు పరీక్ష ఆగస్టులో.

వాళ్ల క్లబ్బులో ఒక కట్టుబాటు ఉంది. కొత్తగా తయారైన బండి తన చక్రాల మీద తనే ఊరవతలి రేసు ట్రాకుకి వెళ్లాలి. అక్కడ ఆగకుండా మూడు చుట్లు కొట్టాలి. మళ్లీ తన చక్రాల మీదే ఇంటికి రావాలి. మధ్యలో ఎక్కడైనా చతికిలబడి ట్రాలీ ఎక్కిందా, ఇక దాని పేరు 'పల్లకీ రాణి'. ఆ పేరు పడ్డ బండి అమ్ముడుపోయి పక్క రాష్ట్రానికి వెళ్లినా పేరు మాత్రం ముందే అక్కడికి చేరుతుంది.

ఈసారి పరువు ఒక్క బండిది కాదు, నెడ్రాది. కంపెనీ పని మానేసి సొంతంగా షాపు పెట్టి, పాత బండ్లకి ఇలా కొత్త ఊపిరి పోయాలని ఆ పిల్ల ఆశ. క్లబ్బులో ప్రూయిట్ అనే పెద్దాయన, ఆయన్ని చూసి ఇంకో ఇద్దరు ముగ్గురు, "మీ నాన్న బ్యూయిక్ పరిగెత్తనీ అమ్మాయ్, మా బండ్లూ నీకే ఇస్తాం" అని మాటిచ్చారు. పరిగెత్తితే షాపు ఉన్నట్టే. పరిగెత్తకపోతే, ఆ ఊళ్లో ఆ పిల్ల చేతికి ఎవడూ స్పానరు కూడా ఇవ్వడు.

ఒక శనివారం పొద్దున బ్యూయిక్ ఝామ్మని ట్రాకు చేరింది. వెనకాలే క్లీట్ తన పికప్పుకి ఖాళీ ట్రాలీ తగిలించుకుని వచ్చాడు. క్లీట్ క్లబ్బు ప్రెసిడెంటు, ఆర్విల్‌తో పాటు చదువుకున్నవాడు, పాతది ఏదైనా మంచిదే అనుకునే రకం.

"ఒరే ఆర్విల్, పల్లకీ తుడిచి తెచ్చానురా. మీ రాణీగారికి మెత్తగా ఉండాలని దుప్పటి కూడా పరిచా!"

"ఆ దుప్పటి నువ్వే కప్పుకో. మా పిల్ల చుట్లు కొట్టేసరికి నీకు చలిజ్వరం వస్తుంది" అన్నాడు ఆర్విల్. కంచె దగ్గర అందరూ నవ్వారు.

నెడ్రా హెల్మెట్టు పెట్టుకుని ట్రాకు మీదికి వెళ్లింది. మొదటి చుట్టు చూస్తుంటే ఆర్విల్ ఛాతీ ఉప్పొంగిపోయింది. రెండో చుట్టు సగంలో ఇంజను తడబడింది. ఒకసారి ఎక్కిళ్లు పెట్టింది, తేరుకుంది, మళ్లీ పెట్టింది. మూడో చుట్టు మొదలవకుండానే నెడ్రా బండిని పక్కకి తెచ్చి ఆపేసింది. రేడియేటర్ ఫ్యాను తిరగడం లేదు. మీటర్లో ముళ్లు పూనకం వచ్చినట్టు ఊగుతున్నాయి.

మధ్యాహ్నం నుంచి ట్రాకు వేరేవాళ్లది. ఈలోగా మళ్లీ ప్రయత్నించవచ్చు, ఆ తర్వాత లేదు.

నెడ్రా డిక్కీ తెరిచింది, బానెట్టు తెరిచింది, కంప్యూటరు పెట్టె విప్పింది. ఫ్యూజులు చూసింది. ఒక్కో వైరూ వేళ్లతో తడుముతూ పోయింది. చుట్టూ జనం మూగారు. సలహాలు ఇవ్వడానికి డబ్బులిచ్చుకోవాలా ఏమన్నా!

"నే చెప్పలా? పాత గుండెకి కంప్యూటరు బుర్ర తగిలిస్తే ఇదే గతి. కార్బురేటరుంటే ఈపాటికి ఇంట్లో కూర్చుని సాసేజి పెట్టిన కోనీ డాగ్ బన్నులు తింటుండేవాళ్లం" అన్నాడు క్లీట్.

నెడ్రా తల ఎత్తలేదు. మెడ మీద చెమట కారుతోంది. "కరెంటు అందడం లేదు. ఎర్త్ దెబ్బతిన్నప్పుడు అచ్చం ఇలాగే చేస్తుంది. కానీ ఎర్త్ అయ్యే చాన్సే లేదు నాన్నా. రంగు అడ్డుంటే కరెంటు పారదని, ఎర్త్ వైర్లు బిగించే మూడు చోట్లా రంగు పడకుండా నేనే టేపు వేశాగా? తప్పు నా పెట్టెలోనే ఎక్కడో ఉంది."

ఆర్విల్ చూపు డిక్కీ వైపు పోయింది.

ఆ మూడు చోట్లూ అతనికి బాగా గుర్తున్నాయి. ఛాసిస్ మీద బ్యాటరీ పక్కన ఒకటి, ఇంజను వెనక రేకు మీద ఒకటి, ఇంజను బ్రాకెట్ మీద ఒకటి. నాణెమంత గుండ్రటి టేపు ముక్కలు. ఆఖరి పూత వేసే రోజున అవి అతని కళ్లలో నలుసుల్లా పడ్డాయి. అంత అందమైన ఒంటి మీద ఆ బోడి మచ్చలేంటని టేపులు పీకేసి, వాటి మీద కూడా శుభ్రంగా రంగు కొట్టేశాడు. బోల్టు బిగిస్తే ఇనుమూ ఇనుమూ ఎలాగూ అంటుకుంటాయిలే అనుకున్నాడు. కూతురికి చెప్పలేదు. చెబితే మళ్లీ గీకేస్తుందని భయం. గ్యారేజీలోనూ రోడ్డు మీదా బోల్టు మరల గుండా పారే కాస్త కరెంటుతో బండి నెట్టుకొచ్చింది. ట్రాకు మీద పెట్రోలు పంపూ ఫ్యానూ అన్నీ ఒక్కసారి కరెంటు అడిగేసరికి నిజం బయటపడింది. ఇలాంటి తప్పు చేతకానివాడు చేయడు. చెయ్యి తిరిగిన రంగు మేస్త్రి మాత్రమే చేస్తాడు.

చెప్పెయ్యాలి. చెప్పాలని నోరు తెరిచాడు కూడా. చుట్టూ అందరూ తన చేత రంగు వేయించుకున్నవాళ్లే. 'ఆర్విల్ పని చెడింది' అన్న మాట ఇన్నేళ్లలో ఈ గాలిలో వినబడలేదు. ఆ మాట తన నోటితోనే అనాలా? పక్కకి పిలిచి నెమ్మదిగా ఆ పిల్ల చెవిలో వేస్తే సరిపోదా అని ఆలోచించాడు పిరికివాడు.

అప్పుడే ప్రూయిట్ పెద్దాయన టోపీ సర్దుకుంటూ ముందుకొచ్చాడు. "ఏమనుకోకమ్మా నెడ్రా. నా బండి సంగతి మళ్లీ ఎప్పుడైనా చూద్దాంలే" అన్నాడు.

"అలాగే సార్, పర్లేదు" అంది నెడ్రా. ఆ గొంతు విని ఆర్విల్‌ ఒక అడుగు ముందుకేశాడు. ఏడుపుని పళ్ల బిగువున ఆపుకునే గొంతు అది. చిన్నప్పుడు సైకిలు మీంచి పడ్డప్పుడు కూడా ఆ పిల్ల అలా మాట్లాడలేదు.

"ఆగవయ్యా ప్రూయిట్!" అని అరిచాడు ఆర్విల్. కంచె అవతలివాళ్లు కూడా తిరిగి చూశారు. "దాని పనిలో తప్పు లేదు. తప్పు నాది. దాని టేపులు పీకి ఎర్త్ చోట్ల మీద రంగు కొట్టింది నేను. ఒరే క్లీట్, అందరికీ వినబడేట్టు చెప్తున్నా, బండిని ఆపింది కంప్యూటరు కాదు, నా రంగు!"

క్లీట్ టోపీ వెనక్కి నెట్టుకున్నాడు.

నెడ్రా బానెట్టు కింద నుంచి తల బయటికి తీసింది. మొహం ఎర్రబడింది. "నా టేపులు పీకావా? మూడూ?"

"మూడూ పీకా."

"సిగ్గులేదూ నీకు? పొద్దున్నుంచీ నా పనినే నేను తిట్టుకుంటున్నా ఇక్కడ!"

"లేదు. ఇంటికెళ్లాక నవంబర్లో థాంక్స్ గివింగ్ పండగ దాకా తిడుతూనే ఉండు, కుక్కినపేనులా పడి ఉంటా. ముందా గీకుడు కత్తి ఇటు పడెయ్."

ఆ పిల్ల కత్తి తీసి అతని చేతిలో పెట్టింది. "నువ్వే గీకు. తళతళలాడే ఇనుము కనబడాలి. మచ్చ మిగిలితే ఊరుకోను."

డిక్కీలో దూరి మొదలుపెట్టాడు ఆర్విల్. రంగు ఊడితేనా! ఎంత గట్టిగా వేశాడో మహానుభావుడు. కత్తి జారుతోంది, వేళ్లు మండుతున్నాయి. తన చేత్తో వేసిన పూతలన్నీ పొరలు పొరలుగా తనే లేపాడు. ముందు మెరుపు, దాని కింద చెర్రీ రంగు, దాని కింద బూడిద రంగు, అడుగున తెల్లటి ఇనుము. మొదటి చోట బుజ్జగిస్తున్నట్టు గీకాడు. మూడో చోటికి వచ్చేసరికి బుజ్జగింపూ లేదు, జాలీ లేదు. నెడ్రా వెనకాలే వైర్లు బిగించుకుంటూ వచ్చింది. తాళం తిప్పగానే మీటర్లో ముళ్లన్నీ బుద్ధిగా వాటి చోట్లలో నిలబడ్డాయి.

"ఎక్కు" అంది నెడ్రా.

"నేనెందుకే?"

"ఇంకెక్కడ రంగు పూశావో దారిలో చెబుదువుగాని. ఎక్కు!"

హెల్మెట్టు తల మీద బిగించుకుని పక్క సీట్లో కూర్చున్నాడు. ఆ తర్వాత జరిగింది ఆర్విల్ ఈనాటికీ పూర్తిగా చెప్పలేడు, మాటలకి వెతుక్కుంటాడు. తిన్నని దారిలో ఇంజను పాత గొంతుతోనే గర్జించింది, అది అతనికి తెలిసిన గొంతే. కానీ మలుపు దగ్గరికి రాగానే, కాళ్లు తన్నిపెట్టి కళ్లు మూసుకుందామనుకునేలోపే, బండి చటుక్కున వేగం తగ్గించుకుని, నేలని పట్టుకుని, ఎటు చూస్తే అటు తిరిగింది. పడుచువాడుగా ఉన్నప్పుడు ఈ బండినే నడుపుతూ కాలవలో దూరినవాడు ఆర్విల్. దీనికి మలుపు తిరగడం వచ్చని ఎవరన్నా చెబితే నవ్వేవాడు. నేర్పింది పక్కన కూర్చున్న ఈ పిల్ల! రెండో చుట్టు వెళ్లింది, ఎక్కిళ్లు లేవు. మూడో చుట్టులో ఫ్యాను హాయిగా తిరుగుతుంటే హెల్మెట్టు లోపల ఆర్విల్ ఏడ్చాడు. గర్వంతోనే ఏడ్చాడు, సిగ్గుపడలేదు.

బండి వచ్చి ఆగేసరికి కంచె దగ్గర ఈలలు, చప్పట్లు. ప్రూయిట్ పెద్దాయన చకచకా నడిచొచ్చి కిటికీలో తల పెట్టాడు.

"అమ్మాయ్, ఇందాక నేనన్న మాట మర్చిపో. సోమవారం పొద్దున్నే నా బండి మీ గుమ్మంలో ఉంటుంది. ఒక్క షరతు. మీ నాన్న చేతికి గన్ను ఇచ్చినప్పుడు పక్కన నువ్వుండాలి."

"చేతికి బేడీలు వేసి ఇస్తా సార్" అంది నెడ్రా.

క్లీట్ ఖాళీ ట్రాలీ దగ్గర తల గోక్కుంటూ నిలబడ్డాడు. "ఇప్పుడు దీన్ని వట్టిగా లాక్కుపోవాలా?"

"ఆ దుప్పటి పరిచే ఉందిగా అంకుల్, కాసేపు నడుం వాల్చండి" అంది నెడ్రా. క్లీట్ నవ్వేశాడు. నవ్వి, టోపీ తీసి ఆ పిల్లకి దణ్ణం పెట్టినట్టు ఊపాడు. అతనూ చెడ్డవాడేం కాదు.

ఇంటిదారి మిగిలింది. సాయంత్రం వుడ్‌వర్డ్ రోడ్డుకి రెండు వైపులా జనం మడతకుర్చీలు వేసుకుని, పక్కన సోడా సీసాలు పెట్టుకుని, పోయే పాత కార్లని చూస్తూ కూర్చున్నారు. ఆగస్టులో వాళ్లకి అదే తిరునాళ్లు. బ్యూయిక్ నెమ్మదిగా ఆ వరసలో కలిసింది. కిటికీలు దించి ఉన్నాయి. ఆర్విల్ మోచెయ్యి బయట పెట్టి, గోళ్లలో చెర్రీ రంగు పొట్టుతో, రాజాలా కూర్చున్నాడు.

ఎర్రలైటు దగ్గర ఆగగానే మడతకుర్చీలోంచి ఒకాయన లేచి దగ్గరికొచ్చాడు. బానెట్టు మీద వంగి తన మొహం తనే చూసుకున్నాడు.

"అబ్బబ్బ, ఏం రంగండీ ఇది! జన్మలో చూడలేదు. ఎవరు వేశారు పెద్దాయనా?"

ఈ ప్రశ్న కోసం ఆర్విల్ జీవితమంతా కిటికీలు దించుకునే తిరిగాడు. పేరు చెప్పడానికి ఏనాడూ ఆలస్యం చేసినవాడు కాదు.

"రంగు సంగతి వదిలెయ్ బాబూ. ఆ ఇంజను విను!" అని తల బయటపెట్టి, కుర్చీల వరస చివరిదాకా వినబడేలా అరిచాడు. "మా అమ్మాయి చేసింది! ఇదిగో, నడిపేది కూడా తనే!"