వేపచెట్టు కింద బుచ్చయ్య

మా అక్క కూతురు జెరూషా సైకాలజీ చదివింది. నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టి మాట్లాడించడం కాదట, చెట్టు కింద మట్టితో బొమ్మలు చేయిస్తూ మనసు తేలికపరచాలట. అందుకు విమానాశ్రయం పక్కనున్న సాతంరాయిలో రుక్మిణమ్మ చేనుగట్టు మీది వేపచెట్టు నీడ కావాలి. శనివారాలు ఇవ్వమని అడిగితే, ముందు తానే కూర్చుని చూస్తానని, నచ్చితేనే సరే అంటానని ఆమె షరతు పెట్టింది. చుట్టూ అన్నీ ప్లాట్లయ్యాయి. ఇంకో చెట్టు దొరకదు. ఆ ఉదయం జెరూషా ముఖం పదో తరగతి పరీక్షకు వెళ్లే పిల్లలా ఉంది. మనుషులు తక్కువయ్యారని నన్నూ కూర్చోబెట్టింది.

ముందు కళ్లు మూసుకుని ప్రకృతిని వినమంది. మూడు నిమిషాలకొక విమానాన్ని విన్నాం. తర్వాత గుండె మీద బరువుగా ఉన్నదాన్ని మట్టితో చేయమంది. నేను కుక్కర్ చేశాను. రుక్మిణమ్మ వెల్లకిలా పడుకున్న మనిషిని చేసింది. సగం మట్టి పొట్టకే పట్టింది. అది ఆమె భర్త బుచ్చయ్య అని ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు దానితో మాట్లాడమంది జెరూషా. రుక్మిణమ్మ కొంగు నడుముకు దోపుకుంది. పెళ్లిపందిట్లో మొదలుపెట్టి బోరు మోటారు కాలిపోయిన రోజు దాకా వచ్చేసరికి పదకొండు విమానాలు దిగాయి. ఆమె ముఖం నిజంగానే తేటపడింది. జెరూషా మురిసిపోయి నీళ్ల బకెట్ ముందుకు జరిపింది.

"ఇగ బరువు వదిలెయ్యాలమ్మా. బొమ్మను నీళ్లల్ల వెయ్యండి, కరిగిపోతది."

రుక్మిణమ్మ బొమ్మను ఒళ్లోకి లాక్కుంది.

"ఏంది బిడ్డా, మెడల పుస్తెలుండంగనే మొగుణ్ణి నిమజ్జనం చెయ్యమంటవా?"

జెరూషా బకెట్‌ను మెల్లగా వెనక్కి జరిపింది. చెట్టు పోయినట్టేనని నేను కుక్కర్ మూత సర్దుతూ కూర్చున్నాను.

అంతలో టిఫిన్ ఏదంటూ అసలు బుచ్చయ్యే వచ్చాడు. బొమ్మను చూసి, పొట్ట అంత లేదన్నాడు. రుక్మిణమ్మ అనాల్సినవన్నీ బొమ్మకు అనేసింది, కొత్తవి ఇంకా పుట్టలేదు. డబ్బా గట్టు మీదుందని మెల్లగా చెప్పింది. బుచ్చయ్య భయపడిపోయి, ఈమెకు జ్వరం గిట్ల వచ్చిందా అని నన్నడిగాడు. జరిగింది చెప్పాను. విని జెరూషా వైపు తిరిగాడు.

"శనివారమొక్కటే ఎందుకు బిడ్డా? రోజూ పెట్టు."

చివరికి శనివారాలకే రుక్మిణమ్మ సరేనంది. బొమ్మ మాత్రం చెట్టు మొదట్లోనే ఉండాలి, దాన్ని ఎవరూ కరిగించొద్దు.

మొన్న శనివారం ఉన్నట్టుండి వాన పడింది. బుచ్చయ్య పరుగున వచ్చాడు. తలమీది యూరియా సంచి తీసి బొమ్మకు కప్పి, తాను తడుస్తూ నిలబడ్డాడు.