నిలువెత్తు గోధుమలు

కొడుకుని సైన్యంలో చేరమని కాగితం వచ్చిన రోజున దియోలిందా ఏడవలేదు. వాడి చెయ్యి పట్టుకుని ధాన్యపు కొట్టంలోకి లాక్కెళ్ళి, బస్తాలు తూచే కాటా మీద నిలబెట్టింది.

"ఏంటమ్మా, నన్ను సంతలో అమ్ముతావా?" అన్నాడు అదెరీతు.

"నోర్మూసుకుని కదలకుండా నిలబడు."

అరవై ఎనిమిది కిలోలు. బొగ్గుముక్కతో గోడ మీద రాసుకుంది. వాడికి ఇరవై ఒకటి. తండ్రి పోయినప్పటి నుంచీ కొండవాలు చేలన్నీ వాడి చేతి మీదే నడుస్తున్నాయి. అలాంటివాణ్ణి ఓడెక్కించి ఆఫ్రికాలో గినీకి తీసుకుపోతారట, యుద్ధానికి. ఆ గోడ ముందే నిలబడి గుడిలోని పునీతురాలు యూఫేమియా తల్లికి మొక్కుకుంది. "తల్లీ, నా బిడ్డని ఇంటికి చేర్చు. వాడి నిలువెత్తు గోధుమలు నీ గుమ్మంలో పోస్తాను." వాళ్ళ ఊళ్ళో మనుషులు తినేది రై అనే ముతక ధాన్యపు రొట్టె. గోధుమలు మాత్రం మొక్కులకే.

వాడి దగ్గర్నుంచి వారానికో పసుపుపచ్చ ఉత్తరం వచ్చేది. మూడో తరగతి చదువు ఆమెది. వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కునేది. "బాగానే ఉన్నాను. ఇక్కడ మడుల్లో వరి వేస్తారు. నాగలి లేదు. పొడుగాటి చెక్కపారతో బురద తిరగేస్తారు. చూస్తుంటే నాకూ దిగాలనిపిస్తుంది. బాగానే ఉన్నాను."

బాగానే ఉన్నానని రెండుసార్లు ఎందుకు రాశాడు? ఒకసారి రాస్తే చాలదా? ఆ రాత్రంతా ఆమెకి కన్ను మూతపడలేదు. ఇంకో ఉత్తరంలో అసలు ఆ మాటే లేదు. అప్పుడు మూడు రోజులు నిద్ర పట్టలేదు.

ఫిబ్రవరిలో ఉత్తరాలు ఆగిపోయాయి. ఒక వారం, రెండు వారాలు, ఆరు వారాలు. ఫాదరు గారు గాడిదెక్కి వాళ్ళ వీధి వైపు వస్తుంటే చాలు, తలుపు గడియ వేసుకునేది, గడియ వేస్తే చావు కబురు లోపలికి రాదన్నట్టు. మార్చి నెలాఖర్లో, ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం పొద్దున ఆవు పాలు పితుకుతూ ఇక తట్టుకోలేక, ఆవు డొక్కకి నుదురు ఆనించి అనేసింది. "తల్లీ, పూర్తిగా అక్కర్లేదు. సగం మనిషినైనా సరే, పంపించు."

గురువారం ఉత్తరం వచ్చింది. లిస్బన్ ఆసుపత్రి నుంచి. రాత వాడిది కాదు, ఎవరో నర్సుది. దారిలో పాతిపెట్టిన మందుపాతర పేలిందట. ఎడమ కాలు మోకాలి పైదాకా తీసేశారట. ప్రాణానికి భయం లేదట.

సగం మనిషినైనా సరే అంది తను. ఆ తల్లి విన్నది.

ఈ మాట ఎవరికీ చెప్పలేదు. వేసవిలో చంకకర్రల మీద ఇంటికొచ్చిన కొడుక్కి అసలే చెప్పలేదు. వాడు గుమ్మంలో కూర్చుని దున్నని చేల వైపు చూస్తుంటే, పొయ్యి దగ్గర కూర్చుని తన నోటిని తనే తిట్టుకునేది. ఒక్కటే దారి తోచింది. మొక్కు అరవై ఎనిమిదికి మొక్కింది, అరవై ఎనిమిదీ ఇచ్చెయ్యాలి. గింజ తగ్గినా ఆ తల్లి ఊరుకుంటుందా? వాడికి మిగిలింది ఒక్క కాలే కదా, అదీ తీసుకుంటే?

సెప్టెంబరు జాతరకి రమ్మంటే వాడు మొండికేశాడు.

"ఊరందరి ముందూ నన్ను బంగాళాదుంపల్లా తూస్తావా?"

"మొక్కురా నాన్నా. మొక్కు పెట్టుకుని ఎగ్గొడితే..." ఆమె మొహం చూసి వాడు కర్రలందుకున్నాడు.

గుడి ముందు దూలానికి పెద్ద తక్కెడ వేలాడుతోంది. జాతర పెద్ద బెల్మీరు అదెరీతుని పట్టుకుని ఒక తట్టలో కూర్చోబెట్టి, కర్రలు గోడకి ఆనించాడు. రెండో తట్టలో దియోలిందా గోధుమలు పొయ్యడం మొదలుపెట్టింది. యాభై కిలోల బస్తా ఒకటి అయిపోయింది. రెండో బస్తాలో కాస్త పడిందో లేదో దూలం సమానంగా నిలిచింది.

"చాలు వదినా," అన్నాడు బెల్మీరు. "సరిపోయింది. యాభై ఐదు."

ఆమె పోస్తూనే ఉంది.

"వదినా, నీకే చెప్తున్నా. చాలు."

"నా మొక్కు నీకేం తెలుసు? పక్కకి తప్పుకో."

గోధుమల తట్ట ధబ్‌మని నేలకి తగిలింది. రెండో తట్ట గాల్లోకి లేచింది, అందులో కూర్చున్న మనిషితో సహా. ఒక కాలు వేలాడుతోంది. రెండోవైపు పంట్లాము మడిచి పిన్నుతో గుచ్చి ఉంది.

"ఒరే అదెరీతూ, స్వర్గానికేనా? మాక్కూడా చోటుంచరా!" వెనకనుంచి ఎవడో తాగుబోతు అరిచాడు. నలుగురు నవ్వారు. నవ్విన నలుగురూ వెంటనే తలలు దించుకున్నారు.

అప్పుడు తలెత్తి చూసింది దియోలిందా. ఇన్నాళ్ళూ వాడు దుప్పటి కింద దాచుకున్నదాన్ని ఊరంతటికీ ఎత్తి చూపించింది తనే.

బెల్మీరు తట్ట పట్టుకోబోయాడు. "నువ్వు ముట్టుకోకు బాబాయ్," అన్నాడు అదెరీతు. "అమ్మా, నువ్వే దించు నన్ను."

దించాలంటే పోసింది తియ్యాలి. ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది. దోసిళ్ళతో గోధుమలు బస్తాలోకి వెనక్కి తోడుతుంటే గింజలు రాళ్ళ మీద చిందుతున్నాయి. దోసిలి దోసిలికీ కొడుకు కొంచెం కొంచెం కిందికి వస్తున్నాడు. వాడి మొహం తన మొహానికి ఎదురుగా వచ్చేసరికి ఆమె ఉండబట్టలేకపోయింది.

"సగం మనిషినైనా పంపమన్నాన్రా," అంది గొణుగుతూ. "నేనే అడిగాను."

వాడికి ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది.

"ఎప్పుడు అడిగావు?"

"మట్టల ఆదివారం."

"నా కాలు పోయింది ఫిబ్రవరి తొమ్మిదిన. నువ్వడిగేసరికి అది ఎక్కడో మట్టిలో ఉందమ్మా."

ఆమె కళ్ళు తుడుచుకుంది. వేళ్ళ మీద లెక్కపెట్టింది. నిజమే. నిజమే కానీ, దేవతలకి మనం అడగబోయేది ముందే తెలుస్తుందేమో. ఆ మాట పైకి అనలేదు.

వాడి పాదం నేలకి ఆనింది. బెల్మీరు కర్రలు తెచ్చిచ్చి, బస్తా వైపు చూశాడు.

"మిగిలిన పదమూడు కిలోలూ ఏం చెయ్యమంటావు వదినా?"

"విత్తనానికి," అన్నాడు అదెరీతు. "కింది చేనులో చల్లుతాం."

"దున్నేదెవర్రా?" అంది తల్లి.

"నాగలి నువ్వు పట్టు. కాడికి కట్టిన ఆవుల ముందు నడిచేవాడు ఒకడుండాలిగా, ఆ పని నాది. ఆవులకి నాకంటే తొందరేం లేదు."

వచ్చిన దారినే బయల్దేరారు. వాడు ముందు, ఆమె వెనక. రాళ్ళ మీద కర్రలు టకటకమంటున్నాయి. ఆమె నెత్తి మీద పదమూడు కిలోలు పదమూడు బస్తాల్లా బరువెక్కాయి. తిరిగి చూస్తే మిగతాది ఏదని ఆ తల్లి అడుగుతుందేమోనని, మలుపు తిరిగేదాకా ఆమె గుడివైపు ఒక్కసారి కూడా చూడలేదు.