ఆపి ఆపి పట్టిన ఆవిరి

కోదాడ కాలేజీలో కంప్యూటర్ గదికి చెప్పులు విడిచి వెళ్లాలి. ధన్‌సింగ్ కాళ్లు కూడా కడుక్కుని వెళ్లాడు. గుడికి పోయినా అంత శ్రద్ధ చూపే మనిషి కాదు. కానీ తండా బావి బతుకు ఇప్పుడు ఆ కంప్యూటర్ డబ్బా చేతిలో ఉంది.

మిర్యాలగూడలో అతను బాయిలర్ నడిపే ఉప్పుడు బియ్యం మిల్లు గోడ వెనకే తండా. పక్కన మూతబడ్డ బంకులోని పెట్రోలు భూమిలోకి దిగి బావినీళ్లు కంపుకొడుతున్నాయి. నేలలోకి ఆవిరి పంపితే పెట్రోలు ఆవిరై కదులుతుందని, దాన్ని పంపుతో లాగెయ్యొచ్చని ఈ కోదాడ కాలేజీ లెక్చరర్ సరోజ చెప్పింది. మిల్లు యజమాని బాయిలర్ ఇస్తానన్నాడు గానీ నాలుగే రోజులు, ఆపైన సీజను. ఈలోగా బాగుపడకపోతే బావి పూడ్చేస్తామని పంచాయతీ వాళ్లు తేల్చేశారు.

సరోజ తండా నేలను కంప్యూటర్‌లో గడులుగా విడగొట్టి, ఏ గడిలో ఎంత వేడి, ఎంత పెట్రోలో లెక్క కట్టింది.

“పది రోజులు పడుతుందన్నా,” అంది నీరసంగా. “రెండు రోజులు బాగానే తగ్గుతుంది. తర్వాత బంకమట్టిలో ఇరుక్కున్నది కదలట్లేదు.”

“ఆవిరి ఆపకుండ కొడ్తున్నరా మేడం?”

“అవును. ఆపితే చల్లారిపోదా?”

“జరసేపటికి ఏం సల్లారదు. మేం వడ్లకు ఆవిరి పట్టి బందు పెడ్తం. మూత తీస్తే లోపలి తడి బుస్సుమని ఎల్లుతది. మల్ల పడ్తం.”

సరోజ లేచి నిలబడి మళ్లీ కూర్చుంది. ఆవిరి ఆపితే ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు వేడెక్కిన మట్టిలోని తడి తనంతట తానే మరిగి, పెట్రోలును వెంటబెట్టుకుని బయటికొస్తుంది. ఇంత చదివీ ఈ ముక్క తట్టనందుకు తనను తాను తిట్టుకుంటూ ప్రోగ్రాం మార్చింది. లెక్క నడిచినంతసేపూ కరెంటు పోవద్దని ధన్‌సింగ్ తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాడు.

గంటన్నరకు అంకెలొచ్చాయి. మూడో రోజుకు పెట్రోలు సగమే. నాలుగో రోజుకు దాదాపు సున్నా.

“దీంట్ల అయింది. భూమిల అయితదా?” అన్నాడు ధన్‌సింగ్.

“అది నీ చేతిలో ఉందన్నా.”

ఆ సంబరానికి అతను బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేక మిర్యాలగూడ దాకా నిలబడే వెళ్లాడు. నాలుగు రోజులూ తానే బాయిలర్‌లోకి ఊక ఎగదోశాడు, తానే వాల్వు తిప్పి నేలకు ఆవిరి ఆపి ఆపి పట్టాడు.

ఐదో రోజు పొద్దున్నే పంచాయతీ వాళ్లు మట్టి ట్రాక్టరుతో దిగారు. నీళ్ల పరీక్ష కాగితం రానిదే తానేమీ చెప్పలేనంది సరోజ. ధన్‌సింగ్ భార్య మోతీబాయి ఎవర్నీ అడగకుండా బావిలోంచి బకెట్ నీళ్లు తోడింది. గోరువెచ్చని నీళ్ల మీదికి ముక్కు వంచి ఒకసారి పీల్చింది, మళ్లీ పీల్చింది.

“మట్టి వాసనొస్తుంది,” అంది చివరికి. “ఒట్టి మట్టి వాసన.”

ధన్‌సింగ్ అందరి ముందూ ఏడ్చేశాడు.