ఆడపిల్లల కొలత

"అబ్బాయి అంతా చేసి పెట్టాడు, నువ్వు కాస్త తోమి ఇవ్వవే," అంటూ గోవిందమ్మ నాట్యం నగల మూట తెచ్చి కోడలి ముందు పెట్టింది.

ఆ 'కాస్త' అన్న మాటని ఎవరు కనిపెట్టారో గానీ, వాళ్ళు జన్మలో గిన్నె కడిగి ఎరుగరని మాణిక్యం నమ్మకం. కాస్త తోమడమంటే ముందు కుంకుడుకాయలు కొట్టి, గింజలు ఏరి, వేణ్ణీళ్ళలో నానేసి పిసకాలి. ఆ నురగలో ఒక్కొక్క వంకీ, ఒక్కొక్క జడబిళ్ళ ముంచి బ్రష్షుతో రుద్దాలి. రాళ్ళ సందుల్లో ఇరుక్కున్న లక్కని సూదితో గీకాలి. పాత చీర గుడ్డతో అద్ది నీడన ఆరబెట్టాలి. ఇదంతా పొయ్యి మీద అన్నం పొంగకుండా, చంకలో చంటిది జారకుండా జరగాలి. అసలు ఆ రాళ్ళు పొదిగిందే మాణిక్యం. బిళ్ళల మీద చేమంతి పువ్వు గీసిచ్చిందీ మాణిక్యమే. అయినా సరే, అబ్బాయి అంతా చేశాడు, కోడలు కాస్త తోమింది!

మాణిక్యం మొగుడు రామకోటయ్య బందరు పక్క చిలకలపూడిలో రోల్డుగోల్డు పని నేర్చినవాడు. పటమటలో అద్దె ఇంటి వరండాలో కుంపటి పెట్టుకుని, కూచిపూడి నాట్యానికి కావలసిన వంకీలు, వడ్డాణాలు, జడలు చేస్తాడు. తండ్రి నాటి నుంచీ అదే పని, అవే అచ్చులు. మాణిక్యం కాపరానికి వచ్చిన నెలలో తెలియక ఒకసారి కుంపటి ముందున్న పీట మీద కూచుంది. గోవిందమ్మ గుండెలు బాదుకుని, "ఆడది కుంపటి ముందు కూచుంటే పని అచ్చిరాదే తల్లీ," అని వరండా అంతా పసుపునీళ్ళు చల్లింది. పన్నెండేళ్ళయింది. అప్పట్నుంచి మాణిక్యం గుమ్మానికి ఇవతలే కూచుని అన్నీ చూసింది, అన్నీ నేర్చింది. చూడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా!

డెబ్బై నాలుగో సంవత్సరం మాఘమాసంలో ఒకనాడు శివపార్వతి టీచరు వచ్చింది. కూచిపూడిలో ఆడపిల్లలకి నాట్యం నేర్పుతుందావిడ. వచ్చీ రాగానే చేతిసంచీ తెచ్చి రామకోటయ్య ముందు దబ్బున వేసింది.

"ఇదేం పనండీ రామకోటయ్యగారూ! స్టేజి మీద మా పిల్ల చెయ్యెత్తేసరికి వంకీ ఊడి మద్దెల మీద పడింది. జనం ఒకటే నవ్వు. ఇంకో పిల్ల ఒక చేత్తో అభినయం, ఒక చేత్తో వడ్డాణం! జారిపోతుంటే పట్టుకోక ఏం చేస్తదండీ పాపం?"

రామకోటయ్య తలెత్తలేదు. "మా కొలతలో తప్పుండదమ్మా. మా నాన్న నాటి అచ్చులు. నలభై ఏళ్ళుగా ఎంతమంది నాయిక వేషాలకి కట్టారో లెక్కలేదు. మీ పిల్లలే మరీ బక్కపలచగా ఉన్నారు. కాస్త పెరుగూ నెయ్యీ పెట్టించండి."

లోపల బియ్యంలో రాళ్ళు ఏరుతున్న మాణిక్యానికి ముందు నవ్వొచ్చింది. మరుక్షణం చెయ్యి ఆగిపోయింది. నలభై ఏళ్ళుగా ఆ నగలు కట్టిందెవరు? ఆడవేషం కట్టే మగవాళ్ళు. భుజాలు, జబ్బలు, నడుములు అన్నీ మగవాళ్ళవి. ఇప్పుడు ఆడపిల్లలే గజ్జె కడుతుంటే, ఆడవాళ్ళ నగలు ఆడవాళ్ళకి సరిపోవడం లేదు! పైగా తప్పు పిల్లలదిట, నెయ్యి తినాలిట. తిని తిని ఎవరో మగాడి జబ్బంత పెరిగితే గానీ ఈ ఇంట్లో వంకీ పట్టదన్నమాట. ఒళ్ళు మండిపోయింది మాణిక్యానికి. పన్నెండేళ్ళలో మొదటిసారి బేరగాళ్ళు ఉండగా గుమ్మం దాటి వచ్చింది.

"అవి మగవాళ్ళ కొలతలండీ," అంది.

"ఆఁ! అదీ మాట!" అంది టీచరు. "నెలాఖరుకి మద్రాసులో ప్రోగ్రాం ఉంది. ఎనిమిది మంది పిల్లలు. కొలతలు తీసి కొత్తగా చేసిస్తారా, లేకపోతే మద్రాసులోనే కొనుక్కోమంటారా?"

"అచ్చులు మార్చడం మావల్ల కాదు," అన్నాడు రామకోటయ్య.

ఆవిడ వెళ్ళాక ఇంట్లో చాలా మాటలొచ్చాయి. "నలుగురిలో నోరెత్తుతావా? పనివాణ్ణి నేనా నువ్వా?" అని మొగుడు. "నీ పుట్టింట్లో ఇదే నేర్పారా?" అని అత్తగారు. రామకోటయ్యకి కోపం వస్తే బందరు బస్సు ఎక్కడం అలవాటు. చిలకలపూడిలో మేనమామ ఇంట్లో పది పన్నెండు రోజులు కూచుని, వాళ్ళు పెట్టే కూర నచ్చకపోయాక తిరిగొస్తాడు. ఆ సాయంత్రమే ఎక్కేశాడు.

మాణిక్యానికి మాత్రం కాలు నిలవలేదు. పంపు దగ్గర బిందెలెత్తే ఆడవాళ్ళ జబ్బలు చూస్తోంది. రిక్షాలో కూచున్నావిడ నడుం చూస్తోంది. పెద్దకూతురు సుగుణకి జడ వేస్తూ వేస్తూ, దారం తీసి పిల్ల చెయ్యి కొలిచింది. "ఏంటమ్మా, చొక్కాయా?" అంటే ఏం చెప్పాలో తెలియలేదు. అన్నం తింటుంటే పళ్ళెంలో వేలు వంకీ ఒంపులు గీస్తోంది. ఈ పని తను చెయ్యకపోతే ఇంకెవరో మద్రాసులో చేస్తారు, తను మాత్రం ఈ కుంకుడు నురగలోనే ముసలిదైపోతుంది.

మర్నాడు, "టీచరుగారి కాళ్ళావేళ్ళా పడి బేరం పోకుండా చూసుకొస్తానత్తయ్యా," అని అబద్ధమాడి చంటిదాన్ని చంకనేసుకుని బస్సెక్కింది. ఉయ్యూరు దగ్గర పంచదార ఫ్యాక్టరీ మడ్డివాసన గుప్పుమంటే చంటిది చీర మీద కక్కింది. పామర్రులో బస్సు మారి కూచిపూడి చేరేసరికి ఎండ నెత్తికొచ్చింది.

నగలు తనే చేసిస్తానని మాణిక్యం అనగానే టీచరు పిల్లల్ని పిలిచింది. వాళ్ళు వరసగా నిలబడి చేతులు చాపారు. మాణిక్యం దారం చుట్టి ముడి వేయబోయి ఆగింది. "ఇలా కాదమ్మాయ్, ఆడండి చూద్దాం," అంది. ఆడుతుంటే అసలు సంగతి తెలిసింది. చెయ్యి దించినప్పుడు ఒక కొలత, ఎత్తినప్పుడు ఒక కొలత. కూచున్నప్పుడు నడుం ఒకటి, ఎగిరినప్పుడు ఒకటి. రెండిటికీ రెండు ముళ్ళు వేసింది.

"వడ్డాణం బిగిస్తే ఊపిరాడదండీ, వదిలితే జారుద్ది," అంది పద్నాలుగేళ్ళ పిల్ల ఒకతి. "జడ అయితే ఎగిరి వీపు మీద కొడతదండీ. రాత్రికి కమిలిపోద్ది."

"మరి ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరూ అడగలేదండీ."

తిరుగు ప్రయాణంలో చంటిది నిద్రపోయింది గానీ మాణిక్యం కన్ను మూయలేదు. ఎవరూ అడగలేదండీ! తనని మాత్రం ఎవరడిగారు కనక?

అటు తర్వాత పది రోజులూ ఆ ఇల్లు ఇల్లులా లేదు. మైనంతో నమూనాలు చేసింది. వంకీకి వెనక కొక్కెం, వడ్డాణానికి నడుంతోపాటు సాగే గొలుసు. జడ ఒకే పలక కాకుండా చిన్న చిన్న ముక్కలుగా, ఒకదానికొకటి కడితే ఒంటితో పాటు వంగేలా. అచ్చులకి లోహం కావాలి. పుట్టింటివాళ్ళు ఇచ్చిన ఇత్తడి బిందె, దాని మీద తన పేరు చుక్కలతో చెక్కి ఉంటుంది, దాన్ని తీసుకెళ్ళి పోతపోసే శౌరయ్యకి ఇచ్చింది. "పేరు కరిగిపోద్దమ్మా," అన్నాడు శౌరయ్య. "కరగనీ బాబాయ్," అంది.

పిల్లలు బడికెళ్ళాక, అత్తగారు కునుకు తీస్తుంటే, వెళ్ళి పీట మీద కూచుంది. ఎవరో వచ్చి చెయ్యి పట్టి లేపుతారేమోనని ఒకటికి రెండుసార్లు వెనక్కి చూసింది. ఎవరూ రాలేదు. ఊదుగొట్టం నోట పెట్టుకుని మంట ఊదుతూ అతుకులకి టాకా వేసింది. ఏళ్ళ తరబడి తడి పుల్లలతో పొయ్యి ఊదిన నోటికి కుంపటి ఊదడం ఎంత పని!

మూడో మధ్యాహ్నం గోవిందమ్మ చూడనే చూసింది. "ఇల్లు మునిగిందిరా దేవుడో!" అని కేకేసి, అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకుంది. దీపాలవేళకి ఆకలేసి లేచింది. చారు మాడిపోయి ఉంది. వండింది సుగుణ. పదకొండేళ్ళ పిల్ల చెయ్యి కాల్చుకుని, మూలన కూచుని ఊదుకుంటోంది.

మాణిక్యం వచ్చి ఆ చెయ్యి పట్టుకుని చూసింది. తను కుంపటి ముందు కూచోవడానికి కూతుర్ని పొయ్యి ముందుకి తోసిందా? ఇదేం న్యాయం? వదిలేద్దామనుకుంది. ఆ పూట నిజంగానే అన్నీ మూటకట్టింది. తర్వాత కూతురి చేతికి వెన్న రాస్తూ ఆలోచించి, మర్నాటి నుంచి గిన్నెలు తోమడం సుగుణ తమ్ముడికీ, కూరలు తరగడం అత్తగారికీ అప్పజెప్పింది. "మగపిల్లాడి చేత అంట్లా!" అని గోవిందమ్మ వాపోయింది. వాపోతూనే బెండకాయలు తరిగింది.

రామకోటయ్య తిరిగొచ్చి బస్సు దిగేసరికి ఎనిమిది జతలూ తయారు. ఒక్కొక్కటీ తిరగేసి, బోర్లేసి, వెలుగులో పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. "టాకా కాస్త మందమైంది," అన్నాడు. అంతే. మాణిక్యం ఎదురు చూసిన మాట రాలేదు. 'బావుంది' అంటే నోటి ముత్యాలు రాలవు కదా అని ఆ రోజంతా ఉడికిపోయింది.

మద్రాసులో ఒక్క నగ జారలేదు. తెనాలి నుంచి, గుడివాడ నుంచి, ఏలూరు నుంచి డాన్సు టీచర్లు రావడం మొదలుపెట్టారు. రామకోటయ్య ఏమీ జరగనట్టే కొత్త అచ్చుల మీద రేకు కొట్టడానికి కూచున్నాడు. వచ్చినవాళ్ళ కొలతలు మాణిక్యం తీస్తుంది, నమూనా మాణిక్యం చేస్తుంది, పొదగడం మాణిక్యం, తోమడం మాణిక్యం. కాఫీ కూడా మాణిక్యమే. ఏడాది తిరిగేసరికి ఊళ్ళో 'రామకోటయ్య జడ' అంటే పేరు. ఆ పేరు మొదటిసారి విన్ననాడు ఆమె చేతిలో పప్పుగరిటె అలాగే ఉండిపోయింది.

ఒకరోజు వన్‌టౌన్ నుంచి వెంకటప్పయ్య అనే షావుకారు వచ్చాడు. పెద్ద ఫ్యాన్సీ నగల షాపు ఆయనది. కుర్చీలో కూచుని జడని అరచేతిలో వంచి చూశాడు.

"ఏం పనితనమయ్యా రామకోటయ్యా! ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు?"

రామకోటయ్య తల వంచుకుని నవ్వాడు. "అంతా తమ దయండీ."

కాఫీ గ్లాసులతో గుమ్మంలో నిలబడ్డ మాణిక్యం ఆ నవ్వు చూసింది. ఒక్క మాట. 'మా ఆవిడ' అన్న ఒక్క మాట ఆ నవ్వు వెనకనుంచి వస్తుందేమోనని కాఫీ చల్లారేదాకా నిలబడింది. రాలేదు.

షావుకారు కోరిందేమిటంటే, అచ్చులన్నీ షాపుకి ఇచ్చెయ్యాలి. అక్కడ పదిమంది పనివాళ్ళని పెట్టి చేయిస్తాడు. రామకోటయ్యని మేస్త్రీగా పెట్టుకుని నెల జీతం ఇస్తాడు. అచ్చులు ఇచ్చాక ఇంట్లో ఆ పని చెయ్యకూడదు. రామకోటయ్య అక్కడికక్కడే మాటిచ్చి తాంబూలం పుచ్చుకున్నాడు. నాలుగు రోజులాగి శుక్రవారం వచ్చి అచ్చులు పట్టుకెళ్తానని షావుకారు వెళ్ళాడు.

"నీ మంచికేనే," అన్నాడు భోజనాల దగ్గర. "నెల తిరిగేసరికి జీతం. నీకూ ఈ చాకిరీ తప్పుద్ది. హాయిగా ఇంట్లో ఉండొచ్చు."

"మరి నా పని?"

"నీ పనేంటి? వంటా పిల్లలూ ఎటూ ఉంటాయిగా."

వెటకారంగా అనలేదతను. నిజంగానే తెలియక అడిగాడు. అదే మాణిక్యాన్ని కోసేసింది. కొట్టే మొగుడైతే ఊరంతా జాలిపడుతుంది. మంచివాడు, మాటపడనివాడు, తాగనివాడు, పెళ్ళానికి ఒక పని ఉందన్న సంగతి మాత్రం ఎరగనివాడు! ఇలాంటివాడి మీద ఎవరితో చెప్పుకోవాలి? ఆ నాలుగు రోజులూ ఆమె ఒకచోట కూచోలేదు. ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికింది. తెనాలి టీచరుగారి కొలతల దారాలు చేతిలో పట్టుకుని ఇల్లంతా తిరిగింది.

శుక్రవారం షావుకారు రిక్షాతో సహా వచ్చాడు. "అచ్చులు తెప్పించవయ్యా."

"మాణిక్యం, పెట్టె తీసుకురా," అన్నాడు రామకోటయ్య.

మాణిక్యం ఉత్తచేతులతో వచ్చి నిలబడింది. "అచ్చులు నావండీ. నమూనా నాది, లోహం నాది. అమ్మను. మీకు నగలు కావాలంటే ఆర్డరు ఇవ్వండి, చేసిస్తాను."

షావుకారు ఆమె వంక చూడలేదు. లేచి కండువా దులుపుకున్నాడు. "ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో తేల్చుకుని కబురు చెయ్యి రామకోటయ్యా," అని రిక్షా ఎక్కాడు.

రిక్షా మలుపు తిరిగేదాకా ఆగాడు రామకోటయ్య. తర్వాత ఒక్కసారి విరుచుకుపడ్డాడు. "నా పరువు తీశావే! మాటిచ్చి తప్పినవాణ్ణి నలుగురూ ఏమంటారు?"

"మాట మీరిచ్చారు, మీరే నిలబెట్టుకోండి. వెళ్ళి మేస్త్రీగా చేరండి, నేను కాదనలేదు. అచ్చులు మాత్రం ఇక్కడే ఉంటాయి."

"అచ్చులు లేకపోతే నన్నెవడు పెట్టుకుంటాడే!"

వంటింటి గుమ్మంలో గోవిందమ్మ కత్తిపీట పట్టుకుని నోరు తెరిచి నిలబడిపోయింది. మాణిక్యం మొగుణ్ణి పైనుంచి కిందకి చూసింది. టాకా పని నిలకడగా చేస్తాడు, రేకు పాడు చెయ్యడు, తాగడు.

"నేను పెట్టుకుంటాను," అంది. "రేపు ఎనిమిదింటికల్లా పనిలో కూచోండి."