సరంగు గారింటి పాటల పెట్టె

నేను ఒక రికార్డు ప్లేయరుని. ఈ కాలం పిల్లలు నన్ను టర్న్‌టేబుల్ అని ముద్దుగా పిలుస్తున్నారు గాని, నన్ను ఎక్కువ కాలం సాకిన ఇంట్లో నా పేరు పాటల పెట్టె. ఆ పేరే నాకిష్టం.

నేను సగం సీమసరుకుని, సగం దేశవాళీని. నా మోటారూ, ముల్లు పట్టుకునే చెయ్యీ గడ్డిలో చుట్టుకుని ఓడలో వచ్చాయి. టేకు పెట్టె మాత్రం మద్రాసులో ఒక ఇరుకు సందులో తయారైంది. నన్ను బిగించిన వడ్రంగి, పని అయిందో లేదో చూద్దామని ఏదో వీణ రికార్డు పెట్టి, అన్నం వేళ దాటిపోయినా అలాగే చెక్కపొట్టుమీద కూర్చుండిపోయాడు. మనుషుల గురించి నా మొదటి అభిప్రాయం అక్కడే ఏర్పడింది. వీళ్లు ఆకలిని కూడా మరిచిపోగలరు. కాకపోతే ఎవరో వచ్చి గుర్తుచేసేదాకానే.

నన్ను మొదట కొన్నది విశాఖపట్నంలో సముద్రం ఒడ్డునున్న ఒక ఆఫీసర్ల క్లబ్బు. అక్కడ నా పాటకు అందరూ నాట్యం చేసేవారు, వినేవారు మాత్రం ఎవరూ లేరు. ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకోకుండా చూసుకోవడంలోనే వాళ్ల శ్రద్ధంతా పోయేది. పైగా ఉప్పుగాలి. నా లోపలి స్ప్రింగులకు చిలుము పట్టింది. తరవాత టేపులు వాయించే కొత్త యంత్రం వచ్చింది, నన్ను మూలకు జరిపి నామీద పూలకుండీ పెట్టారు. ఆ కుండీకి నీళ్లు పోసినప్పుడల్లా నాకూ స్నానమయ్యేది. చివరికి క్లబ్బు పాత సామాను అమ్మేస్తున్నారని తెలిసి హార్బరు నుంచి ఒకాయన వచ్చాడు. నన్ను రిక్షాలో కాళ్లదగ్గర పెట్టమంటే ఒప్పుకోక, దారి పొడుగునా ఒళ్లో పెట్టుకుని కోటవీధిలో తన ఇంటికి తెచ్చుకున్నాడు.

ఆయన పేరు కొర్లాపు సన్యాసిరావు. టగ్గు సరంగు. బయటి సముద్రం నుంచి వచ్చిన పెద్ద ఓడలను తాడు కట్టి, యారాడ కొండ పక్కనున్న సన్నని కాలువలోంచి రేవులోకి లాక్కొచ్చే చిన్న పడవ ఉంటుంది చూడండి, దాన్ని నడిపేవాడు. కుర్రతనంలో ఒక గ్రీకు ఓడ పక్కన సముద్రం పోటెక్కడం కోసం కాచుకుని ఉండగా, ఆ ఓడ వంటవాడు కిటికీ తెరిచి ఒక ట్రంపెట్ రికార్డు పెట్టాడట. అది ఏడుస్తోందో నవ్వుతోందో ఆయనకు తెలియలేదట. తెలుసుకుందామని వింటూ వింటూ జీవితమంతా గడిపేశాడు. దాన్ని జాజ్ అంటారని కూడా చాన్నాళ్లకు గాని తెలియలేదు. వచ్చిన ప్రతి ఓడవాళ్లకూ మామిడిపళ్లు, పనసతొనలు, ఎండు రొయ్యలు ఇచ్చి, బదులుగా రికార్డులు తెచ్చుకునేవాడు. ఎండు రొయ్యల వాసన కొన్ని అట్టలకు ఇప్పటికీ వదల్లేదు.

ఆయన భార్య మంగతాయారు. విజయనగరంలో పేరున్న సన్నాయి విద్వాంసుడి కూతురు. చిన్నప్పుడు తండ్రి లేనప్పుడు సన్నాయి తీసి ఊదబోతే, ఆడపిల్లకు అది తగదని ఇంట్లో అందరూ మందలించారు. మళ్లీ ముట్టుకోలేదు. చేతికి రానివ్వనిదాన్ని చెవితో పట్టుకుంది. సన్నాయి, వయొలిన్, వీణ, ఏ రికార్డు బజారుకు వచ్చినా కురుపాం మార్కెట్ దగ్గరి కొట్టువాడు ముందు ఆవిడకే కబురు పెట్టేవాడు.

అలా ఒక ఇంట్లో రెండు పాటలు, ఒకటే పెట్టె. బీరువాలో పై అర ఆయనది, కింది అర ఆవిడది. పొద్దున్న ఆవిడ వంతు, సాయంత్రం ఆయన వంతు. ఆదివారం మాత్రం ఎవరు ముందు నా మూత తీస్తే వాళ్లది. ఆదివారాలు ఆ ఇంట్లో ఇద్దరూ చాలా పెందలాడే లేచేవారు.

ఆయన పాటలను ఆవిడ ఓడ కూతలనేది. ఆయనేమో, "నీ రాగం మొదలెట్టినప్పుడు లంగరెత్తితే, పాట అందుకునేసరికి కాకినాడ ఎల్లిపోవచ్చే" అనేవాడు. పిల్లలు లేని ఆ ఇంట్లో ఈ దెబ్బలాటే పిల్లాడిలా పెరిగింది. ఆయన వంతు వచ్చినప్పుడు ఆవిడ వంటింట్లోకి పోయి గిన్నెలు కాస్త గట్టిగా సర్దేది. ఆవిడ వంతు వచ్చినప్పుడు ఆయన పడక్కుర్చీలో వాలి, మొహంమీద తువ్వాలు కప్పుకుని నిద్రపోయేవాడు. నిద్రే అనుకుంది ఆవిడ. నేనూ అలాగే అనుకున్నాను.

పదవీ విరమణ అయిన ఏడాదే ఆయనకు పక్షవాతం వచ్చింది. పొద్దున్న టీ తాగుతూ గ్లాసు జారవిడిచి, దానివంక ఆశ్చర్యంగా చూస్తూ ఉండిపోయాడు. కుడి వైపు పడిపోయింది. మాట పోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేసరికి, కాలువలో అంత పెద్ద ఓడలను మలుపు తిప్పిన మనిషి మంచంమీద తనంతట తాను పక్కకు తిరగలేకపోయాడు. అన్నీ అర్థమయ్యేవి. నోరు తెరిస్తే మాత్రం ఒకటే శబ్దం వచ్చేది, అది ఏ మాటా కాదు. రెండు మూడుసార్లు ప్రయత్నించి సిగ్గుపడి నోరు మూసేసుకున్నాడు.

రోజు విడిచి రోజు ఫిజియోథెరపీ చేయడానికి సుహాసిని అనే అమ్మాయి వచ్చేది. జాలారిపేట పిల్ల, ఓపిక మనిషి. చెయ్యీ కాలూ ఆడిస్తూ లోకాభిరామాయణమంతా చెప్పేది. గోడవారనున్న నన్ను చూసి, ఆయనకు పాటలిష్టమా అని అడిగింది. ఇష్టమైనవి వినిపిస్తూ ఉంటే మనసు తేలికపడుతుంది, ఒక్కోసారి మాట కూడా కదులుతుంది అంది.

ఆ ఒక్క మాట పట్టుకుంది మంగతాయారు.

ఆ రోజే తన రికార్డులన్నీ కింది అర నుంచి తీసి, పాత చీరలో చుట్టి, మంచం కింది ట్రంకుపెట్టెలో పెట్టేసింది. ఇంట్లో ఇక ఆయన పాటే ఉండాలి, మధ్యలో తనది కలిసి ఆయన మనసు చెదరకూడదు. అయితే ఏది ఆయనకిష్టమో ఆవిడకు తెలియదు. అట్టలమీది ఇంగ్లీషు చదవడం రాదు. బొమ్మలను బట్టి గుర్తుపెట్టుకుంది: ఎర్ర చొక్కావాడు, కళ్లు మూసుకున్న లావాటాయన, వాన కురుస్తున్న వీధి. పొద్దున్న ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి, మందులు వేసినట్టు వేళ తప్పకుండా పెట్టేది. పెట్టి, స్టూలు మంచానికి దగ్గరగా లాక్కుని, ఆయన మొహంలోకి చూస్తూ కూర్చునేది. పెదవి కదిలిందా? కనుబొమ్మ లేచిందా? పాట పూర్తయ్యేదాకా అదే పరీక్ష.

ఒకరోజు ఆయన కళ్లలోంచి నీళ్లు కారాయి. ఆనందబాష్పాలనుకుని ఆవిడ పొంగిపోయింది. పక్కింటికి పోయి చెప్పుకుంది. ఇంకోరోజు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. సరిగా వినిపించడం లేదు కాబోలని నా గొంతు ఇంకా పెంచింది. నాకు రెండు స్పీకర్లున్నాయి గాని నాలుక లేదు. ఎవరు ఏది పెడితే అదే చెప్పాలి. ఆ నెలల్లో ఆయనకీ నాకూ పెద్ద తేడా లేదనిపించేది.

అయితే చిత్రమేమిటంటే, రోజూ మూడుపూటలా వినగా వినగా ఓడ కూతలు ఆవిడ చెవికి పట్టుబడ్డాయి. ఒకరు వాయిస్తుంటే తక్కినవాళ్లు తగ్గడం, అతను తోచినంతమేరా పోయి తిరిగివచ్చి ఇంకొకరికి అందించడం. ఒకరోజు సుహాసినితో, వీళ్లూ మా నాన్నలాగే అప్పటికప్పుడు అల్లుకుపోతున్నారమ్మా, మనోధర్మమే ఇది, ఇన్నేళ్లూ గిన్నెల చప్పుడులో నాకు వినపడలేదు అంది. ఆ మాట ఆయన వింటూనే ఉన్నాడు. ఎడమ చెయ్యి కాస్త లేపాడు. మంచినీళ్లు కావాలేమోనని ఆవిడ లేచి వెళ్లింది.

వానాకాలం ముగిసే రోజుల్లో ఒక సాయంత్రం సుహాసిని ఆయన్ని కూర్చోబెట్టి వేళ్లకు కసరత్తు చేయిస్తోంది. అప్పటికి ఆయన మంచం పక్కకే జరిపిన నామీద ఎర్ర చొక్కావాడి ట్రంపెట్ తిరుగుతోంది. ఆయనకు ఎంతో ఇష్టమైందని ఆవిడ నిశ్చయించుకున్న రికార్డు అది. ఉన్నట్టుండి ఆయన ఎడమ చెయ్యి చాచి నా ముల్లును ఒక్క తోపు తోశాడు. రికార్డు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా గీసుకుపోయింది. అటువంటి శబ్దం నా నోట అంతకుముందు ఎన్నడూ రాలేదు.

 ఇన్ని నెలలూ కన్నీరు పెట్టని మంగతాయారు స్టూలుమీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. సుహాసిని ఓదార్చబోతే వద్దని చెయ్యి ఊపింది. కాసేపటికి లేచి, బీరువాలోంచి రికార్డులు ఒక్కొక్కటే తీసి ఆయన కళ్లముందు పట్టింది. లావాటాయన? తల అడ్డంగా తిప్పాడు. వాన వీధి? అడ్డంగా తిప్పాడు. పై అర సగం ఖాళీ అయింది.

"ఏటి కావాలండీ మీకు? నాకు తెలీడం లేదు. ఏటి పెట్టమంటారో చెప్పండి."

ఆయన నోరు తెరిచాడు. మెడ నరాలు ఉబ్బాయి. ఎప్పుడూ వచ్చే ఆ శబ్దమే వచ్చింది. సిగ్గుపడలేదు. మళ్లీ తెరిచాడు.

"నీ... ది."

మాట వచ్చిందన్న సంతోషం కన్నా ముందు ఆవిడకు భయం పట్టుకుంది. తప్పు తనదని అంటున్నాడనుకుంది.

"నాదా? నేనేం చేశానండీ? మీకోసమే కదా..."

ఆయన ఎడమచేత్తో మంచాన్ని తట్టాడు, విసుగ్గా, వెనకటి సన్యాసిరావులా.

"నీది... పెట్టు."

సుహాసినికి ముందు అర్థమైంది. మోకాళ్లమీద వంగి మంచం కింద నుంచి ట్రంకుపెట్టె లాగింది. చీర మూట విప్పి మంగతాయారు చేతికందించింది. ఆవిడ చేతికి ఏది వస్తే అది తీసింది. సన్నాయి, కాంభోజి రాగం. ముల్లు పెట్టబోతే రెండుసార్లు జారింది. మూడోసారి నేనే అందుకున్నాననుకోండి.

సన్నాయి మొదలైంది. అన్ని నెలల తరవాత తన ఇంట్లో తన పాట. మొదట ఆవిడ ఆయన్నే చూస్తూ కూర్చుంది, అలవాటుగా. కాంభోజి మెల్లగా మెట్లెక్కి పై స్థాయిలో ఒకచోట నిలబడింది. అక్కడ ఆవిడ ఆయన్ని మరిచిపోయింది. మంచాన్ని, మందుసీసాలను, అన్నిటినీ మరిచిపోయింది. తల కొద్దిగా పక్కకు వాలింది. నుదుటిమీది ముడి విడిపోయింది. పెదవులు కాస్త తెరుచుకుని, సన్నాయి పట్టుకున్న పిల్లలా బుగ్గల్లోకి ఊపిరి తీసుకుంది. వయసు ఎటో పోయింది.

ఆయన రెప్పవేయకుండా ఆవిడనే చూస్తున్నాడు.

రికార్డు అయిపోయాక, ఇన్నేళ్లూ నిద్రపోయిన మనిషికి ఇప్పుడు ఇదేం కోరికని ఆవిడ నవ్వుతూ, ఏడుస్తూ అడిగింది. ఆయన చాలాసేపు మాటలు పోగుచేసుకున్నాడు. ఒక్కొక్క మాటను బరువైన ఓడను లాగినట్టు లాక్కొచ్చాడు.

"నిద్ర... కాదు. పాట... కాదు. నీ మొహం."

అప్పుడు నాకు తెలిసింది. నా ఎదుట కూర్చున్నవాళ్లంతా నన్నే చూస్తారు. తిరిగే పళ్లేన్నో, ముల్లునో, ఏదీ కాకపోతే గోడనో. తువ్వాలు అంచు కింద నుంచి ఆ ఇంట్లో ఒక మనిషి ఇన్నేళ్లూ చూసింది మరోదాన్ని. ఆ పక్కమీద పడ్డాక ఆయనకు ట్రంపెట్ కరువు కాలేదు. తనకోసం దిగులుపడుతూ నర్సులా తనమీదకు వంగిన ఆవిడ మొహం తప్ప, పాటలో మునిగిన భార్య మొహం కనబడక అల్లాడిపోయాడు.

ఆ తరవాత మాటలు కొన్ని తిరిగొచ్చాయి, దెబ్బలాడుకోవడానికి చాలినన్ని. కాని దెబ్బలాట తలకిందులైంది. "మీది పెడతానండీ" అని ఆవిడ, "నీదే" అని ఆయన. ఆవిడకు నిజంగానే లావాటాయన పాటలమీద మోజు పుట్టింది మరి. మధ్యలో నేను మూత తెరుచుకుని ఎదురుచూసేవాణ్ని. మనుషులు తమ మాట నెగ్గాలని పోట్లాడుకోవడం నేను క్లబ్బులో చాలా చూశాను. ఎదుటివాళ్ల మాట నెగ్గించాలని పోట్లాడుకోవడం ఆ ఇంట్లోనే చూశాను. అలా నాలుగేళ్లు గడిచాయి. ఒక మధ్యాహ్నం వీణ తిరుగుతూండగా ఆయన వెళ్లిపోయాడు. ఆవిడ రికార్డు పూర్తికానిచ్చి, అప్పుడు లేచి పక్కింటివాళ్లను పిలిచింది.

తరవాత ఆవిడ నన్నూ, రెండు అరల రికార్డులనూ సుహాసినికి ఇచ్చేసింది. ఇక వినలేక కాదు, ఇంట్లో ఒక్కతే వినడం తనకు చేతకాదని. సుహాసిని ఇప్పుడు సొంత క్లినిక్ నడుపుతోంది. ఆదివారాలు అక్కడ రోగులుండరు. ఊళ్లో పాత రికార్డులు పోగుచేసుకునే కుర్రకారు వచ్చి చేరుతారు. నా వయసెంతో, నా మోటారు ఎక్కడిదో నాకంటే వాళ్లకే బాగా తెలుసు. రికార్డును అంచులతో పట్టుకుని పసిపిల్లలా దించుతారు. నాకు కొత్త బెల్టు వేయించారు. ఈ వయసులో ఇంత మర్యాద దొరుకుతుందని నేననుకోలేదు.

మొన్నొక ఆదివారం సుహాసిని మంగతాయారును ఆటోలో తీసుకొచ్చింది. బాగా పెద్దదైపోయింది. కుర్చీ వేసి కూర్చోబెట్టారు. సరంగు గారి పై అర నుంచి ఎవరో ఒక ట్రంపెట్ రికార్డు తీసి పెట్టారు. పిల్లలందరూ నావైపు తిరిగారు. కొందరు కళ్లు మూసుకున్నారు. ఒకడి మడమ నేలమీద తాళం వేస్తోంది. ఒక అమ్మాయి నోరు తెరిచి అలాగే ఉండిపోయింది.

రికార్డు అయిపోయాక ఆ అమ్మాయే వచ్చి ఆవిడ పక్కన గొంతుక్కూర్చుంది.

"ఎలా ఉంది మామ్మగారూ పాట?"

"పాట నేను వినలేదే తల్లీ," అంది మంగతాయారు. "మిమ్మల్ని చూస్తున్నాను. రెండోవైపు కూడా పెట్టండి."