బెంచీల కింద ఉన్ని

గార్స్‌గిల్ లోయలో క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ళకి ఒక ప్రార్థన ఇల్లుంది. సున్నం కొట్టిన రాతి గోడలు, లోపల బెంచీలు, అంతే. పాదిరీ గొడవ లేదు. ఆదివారం పొద్దున వచ్చి కూర్చుంటారు. ఎదలో దేవుడు పెట్టిన లోపలి వెలుగు పలికిస్తే ఎవరైనా లేచి నాలుగు మాటలు చెబుతారు, లేకపోతే మధ్యాహ్నం దాకా గమ్మున ఉండి, చేతులు కలుపుకుని లేస్తారు. ఆ మౌనం ఉన్నిగా మారి బెంచీల కింద పడుతుంది. ఎవరి కింద పడింది వాళ్ళు ఏరుకుని, వడికి, మేజోళ్ళు అల్లుకుంటారు. అవి తొడుక్కుని నడిస్తే అడుగుల చప్పుడుండదు. గొర్రెపిల్లలు బెదరవని కాపరులు వాటికోసం ఎగబడేవాళ్ళు.

"ఏం డోర్కస్, ఇంత కుప్ప పడింది? నోట్లో నాలుక లేదా?" అన్నాడు పక్కింటి జోనస్.

"నీ కింద పోచ కూడా లేదుగా. గురక పెట్టేవాడికి ఉన్నెక్కడ పడుతుంది!" అంది డోర్కస్. ఆమెకి భర్త పోయి చాలా కాలమైంది. ఉన్నది ఒక్కతే కూతురు, తామర్.

ఆ తామర్ కమ్మరి నెడ్‌ని చర్చిలో, పాదిరీ ముందు పెళ్ళి చేసుకుంది. అలా చేసుకున్నవాళ్ళని క్వేకర్లు వెలివేస్తారు. అయితే వాళ్ళలో చేతులెత్తి లెక్కపెట్టడాలుండవు. ఒక్కరు లేచి "నేను ఒప్పుకోను" అన్నా ఆ తీర్పు ఆగిపోవాల్సిందే.

"నువ్వొక్క మాట అను చాలమ్మా," అంది తామర్. "నాకు నెడ్ కావాలి, చిన్నప్పట్నుంచీ కూర్చున్న ఆ బెంచీ కూడా కావాలి. రెండూ కావాలనుకోవడం తప్పా?"

"నేను లేస్తాగా, నువ్వు నిశ్చింతగా ఉండు," అన్నాడు జోనస్ డోర్కస్‌తో.

తామర్ సంగతి తేల్చే రోజున, ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ మధ్యనుండే చెక్క తెరలు ఎత్తేసి అందరూ కలిసే కూర్చున్నారు. సంఘపెద్ద ఎఫ్రాయిమ్ సంగతి చదివి, ఎదురుచూశాడు. డోర్కస్ గొంతు దాకా మాట వచ్చింది. అది లోపలి వెలుగు పలికించేదో, కన్నపేగు పలికించేదో తేల్చుకోలేకపోయింది. జోనస్ వైపు చూసింది. అతను ఆమె వైపే చూస్తున్నాడు. అందరికీ సమ్మతమేనని ఎఫ్రాయిమ్ రాసుకున్నాడు.

"లేస్తానన్నావే!" అంది గుమ్మం దాటాక.

"కన్నతల్లివి, నువ్వే కూర్చుంటే లేవడానికి నేనెవర్ని?" అన్నాడు జోనస్.

నలుగురూ అరుచుకునే చోటైతే ఎవరో ఒకరు నోరు చేసుకునేవాళ్ళు. ఇంత మర్యాదగా ఒక పిల్లని గెంటెయ్యడం వీళ్ళకే చేతనవును.

ఆ రోజు డోర్కస్ బెంచీ కింద మోకాళ్ళెత్తున ఉన్ని పడింది. క్షమించమని అడగడానికి మొహం చెల్లక, ఆమె దాంతో కూతురికి శాలువా అల్లింది. మౌనంతో శాలువా అల్లితే ఏమవుతుందో ఎవరికీ తెలీదు. అంతకుముందు ఎవరూ అల్లలేదు.

"వెచ్చగా ఉందమ్మా," అంది తామర్. బెంచీ ఊసెత్తలేదు.

చలికాలం చివర్లో ఒక పొద్దున నెడ్ వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు.

"గొర్రె ఈనుతుంటే పెరట్లోనే ఉన్నానత్తా. కేకేస్తే వినపడేంత దూరం. తామర్‌కి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. ఒక్క పిలుపు వినపడితే ఒట్టు. లోపలికెళ్ళేసరికి అంతా అయిపోయింది. బిడ్డా దక్కలేదు. తామర్ నోరు తెరిచే ఉందత్తా, అరుస్తున్నట్టే ఉంది. శాలువా నిండా కప్పుకుని ఉంది."

డోర్కస్‌కి అర్థమైంది. తన మౌనమే కూతురి గొంతు నొక్కేసింది. ఆమె గుండెలు బాదుకుని ఏడ్చింది.

తరవాతి ఆదివారం అందరూ కుదురుకున్నాక డోర్కస్ లేచి నిలబడింది.

"నేను ఒప్పుకోను!" అంది, గోడలు అదిరేలా.

ఎఫ్రాయిమ్ చెడ్డవాడేం కాదు. తలెత్తి మెల్లగా అడిగాడు.

"ఏ విషయం, డోర్కస్? ఇవాళ మన ముందు ఏ విషయమూ లేదు కదా."

ఆమె జోనస్ వైపు చూసింది. జోనస్ టోపీ అంచు కిందికి లాక్కున్నాడు.