కదలని ముల్లు

క్యాప్టెన్ యో మనుషుల మొహాలు చూడడు, చేతులు చూస్తాడు. సిమ్యులేటర్ అనే ఉత్తుత్తి కాక్‌పిట్‌లో మా వెనక కుర్చీలో కూర్చుని, పరీక్షకు వచ్చిన పైలట్ చెయ్యి ఎక్కడుంది, ఎప్పుడు కదిలింది, ఎందుకు కదిలింది అని రెప్ప వెయ్యకుండా చూస్తాడు. ఏప్రిల్‌లో నన్ను ఫెయిల్ చేసింది ఆయనే. ఫెయిలయింది నా చేతులే.

ఆ రోజు పొగమంచులో దిగుతున్నాం. ఆటోపైలట్ పద్ధతిగా నడుపుతోంది, నేను ఊరికే కూర్చుంటే చాలు. కూర్చోలేదు. బొటనవేలితో ఎర్ర మీట నొక్కి ఆటోపైలట్‌ను తప్పించేసి, విమానాన్ని నా చేతుల్లోకి తీసుకున్నాను. ఎందుకని ఆయన అడిగితే, ఏదో తేడాగా అనిపించింది, మెషీన్‌లోనే ఏదైనా లోపం ఉందేమో అని గొణిగాను. "ఆడలేక మద్దెల ఓడన్నదట," అన్నాడు యో. తర్వాత నా కాగితం మీద తాను రాసిన మాట కూడా చదివి వినిపించాడు. "యంత్రాన్ని నమ్మదు."

ఒళ్ళు మండిపోయింది. కాని ఆ మంట నిలిచి ఉంటే బాగుండేది. ఆరు నెలలు తిరిగేసరికి ఆయన మాటే నిజమని నేనూ నమ్మేశాను. ఇంట్లో కుర్చీలో కూర్చుని, ఎదురుగా కాగితం మీద గీసుకున్న కాక్‌పిట్‌ను పెట్టుకుని, చేతులు కదలకుండా ఉంచడం నేర్చుకున్నాను. ఊరికే దూకే కుక్కపిల్లకు కూర్చోవడం నేర్పినట్టు నా చేతులకు నేర్పుకున్నాను.

నేను మొదటినుంచీ పైలట్‌ను కాను. తొమ్మిదేళ్ళు విమానాల్లో ట్రాలీ తోశాను. కాక్‌పిట్‌లోకి కాఫీ అందించి, తలుపు మూసి వెనక్కి వచ్చేదాన్ని. ఒక రోజు ఆ తలుపుకు అవతలి వైపు కూర్చోవాలనిపించింది, అంతే, ఆ ఉద్యోగం వదిలి శిక్షణలో చేరాను. మా కంపెనీలో చివరి పరీక్షకు ఇచ్చేవి రెండే అవకాశాలు. ఇది రెండోది. ఇదీ పోతే పైలట్‌నూ కాను, ట్రాలీ కూడా తిరిగి రాదు. జూవే చేపల రేవులో స్క్విడ్ కాల్చి అమ్మే మా అమ్మ మాత్రం, నెత్తి మీదుగా దిగే ప్రతి విమానాన్నీ పటకారుతో చూపించి, వచ్చే ఏడు మా పిల్ల అందులో ముందు కూర్చుంటుందని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతూనే ఉంది.

నేను వెళ్ళేసరికి టెక్నీషియన్ చువాంగ్ సిమ్యులేటర్ లోపల గ్వాయ్‌గ్వాయ్ పొట్లం సర్దుతున్నాడు. ఆ మొక్కజొన్న చిరుతిండి పేరుకే బుద్ధిగా ఉండమని అర్థం. ఆకుపచ్చ పొట్లమే అయ్యుండాలి, తేదీ దాటకూడదు, ఎంత ఆకలేసినా ఎవరూ ముట్టకూడదు. అలా ఉన్నంతకాలం మెషీన్ బుద్ధిగా ఉంటుంది. నవ్వేవాళ్ళు కూడా దాన్ని తీసెయ్యమని అనరు.

యో లోపలికి వస్తూనే దాన్ని చూశాడు. "మెషీన్‌కి పెట్టావు సరే, ఈ అమ్మాయి చేతులకి కూడా ఒకటి కట్టరాదూ?" అన్నాడు. చువాంగ్ నవ్వాలో వద్దో తెలియక దగ్గాడు. నేను నవ్వాను. పరీక్ష పెట్టేవాడు జోక్ వేస్తే నవ్వకుండా ఉండే ధైర్యం ఎవరికుంది?

ఎడమ సీట్లో వెంగ్ అన్న కూర్చున్నాడు. రిటైరవడానికి దగ్గర పడ్డ క్యాప్టెన్. అడిగిన అంకెలు చదవడం, చెప్పిన మీటలు వెయ్యడం వరకే ఆయన పని. సలహా చెప్పకూడదు. చెప్పకూడదు కాబట్టి, ఎక్కేముందు టీ నీళ్ళలో ఉడికించిన తన గుడ్డులో సగం నాకు పెట్టి, తినమని కళ్ళతోనే చెప్పాడు.

సముద్రం మీద మూడు వేల అడుగుల ఎత్తున తావ్‌యువాన్ విమానాశ్రయం రన్‌వే వైపు తిరిగాం. అద్దాల బయట పొగమంచు తప్ప ఏమీ లేదు. యో వెనకనుంచి గాలి పెంచాడు. ఇనప కాళ్ళ మీద నిలబెట్టిన ఆ గది మొత్తం ఊగడం మొదలుపెట్టింది.

ఇలాంటప్పుడు దారి చూపేవి రన్‌వే దగ్గరనుంచి వచ్చే రెండు రేడియో కిరణాలు. ఒకటి కుడి ఎడమలు చెబుతుంది, రెండోది ఎత్తు చెబుతుంది. ఆ రెండింటినీ పట్టుకుని ఆటోపైలట్ జారుడుబల్ల మీద పిల్లాడిలా కిందికి దిగుతుంది. విమానం సరిగ్గా కిరణం మీద ఉంటే ముల్లు మధ్యలో ఉంటుంది. ఇప్పటి తెరల మీద అది ముల్లు కాదు, చిన్న గుర్తు. అయినా మా నోళ్ళలో ముల్లనే మాటే నిలిచిపోయింది.

ఆ కిరణాలను పట్టుకుని దిగమని ఆటోపైలట్‌కు చెప్పే అప్రోచ్ మీట నొక్కాను. ఎత్తు ముల్లు ఎప్పుడూ పైనుంచి కొద్దికొద్దిగా దిగి వచ్చి మధ్యలో కూర్చుంటుంది. ఈసారి నేను చూసేసరికే మధ్యలో ఉంది. నేను కళ్ళు అటు తిప్పినప్పుడు వచ్చిందేమో అనుకున్నాను. కిరణం దొరికిందని తెర మీద పచ్చని అక్షరాలు వెలిగాయి, ఆటోపైలట్ ముక్కు దించింది, దిగడం మొదలైంది.

కొంచెం ముందే మొదలైందేమో అనిపించింది. వెంటనే నన్ను నేనే తిట్టుకున్నాను. మళ్ళీ మొదలుపెట్టావా, ఇంకా బుద్ధి రాలేదా అని. చక్రాలు దించమన్నాను, వెంగ్ అన్న దించాడు. నా కుడి చెయ్యి కంట్రోల్ కాడ మీద ఉంది. ఎర్ర మీట బొటనవేలికి తగులుతూ చల్లగా ఉంది. వెనక కుర్చీ కిర్రుమంది. యో ముందుకు వంగి ఉంటాడు. ఆ బొటనవేలినే చూస్తూ ఉంటాడు.

గాలి ఒకటే తోపు. వేగం అంకెలు ఎగిరెగిరి పడుతున్నాయి, రెక్కలు వాలి లేస్తున్నాయి, కుడి ఎడమల ముల్లు కూడా సన్నగా వణుకుతోంది. ఎత్తు ముల్లు మాత్రం మేకు కొట్టినట్టు ఉంది. నా ఆటోపైలట్ ఎంత బాగా నడుపుతోందో అని మురిసిపోవాలి నేను. మురిసిపోవడానికి ప్రయత్నించాను కూడా.

ట్రాలీ తోసిన రోజుల్లో, గంట నొక్కి నొక్కి ప్రాణం తీసే ప్రయాణికులకు నేనెప్పుడూ భయపడలేదు. నీళ్ళంటారు, దుప్పటంటారు, పక్కవాడు గురక పెడుతున్నాడంటారు. అవన్నీ బతికున్నవాళ్ళ గోలలు. ఒకసారి ఒసాకా నుంచి వస్తుంటే కిటికీ పక్కన ఒక పెద్దాయన, విమానం ఎంత కుదిపినా కిక్కురుమనకుండా, తల కూడా తిప్పకుండా కూర్చున్నాడు. ఎంత మంచి మనిషో అనుకుంటూ రెండుసార్లు ఆయన్ను దాటి వెళ్ళాను. మూడోసారి భుజం మీద చెయ్యి వేస్తే చల్లగా ఉంది.

ఆ ముల్లును చూస్తుంటే ఆ పెద్దాయన గుర్తుకొచ్చాడు.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నొక్కితే ఏప్రిల్ మళ్ళీ వస్తుంది, యంత్రాన్ని నమ్మని మనిషినని ఈసారి శాశ్వతంగా ముద్ర పడుతుంది. నొక్కకపోతే, నా అనుమానమే నిజమైతే, ఇద్దరం సముద్రంలో ఉంటాం. ఉత్తుత్తి సముద్రమేలే అనుకోబోయాను. కాని ఇక్కడ ఉత్తుత్తిగా మునిగినవాళ్ళను ఎవరూ నిజం విమానం ఎక్కనివ్వరు. ఎక్కనివ్వకూడదు కూడా.

బొటనవేలిని కదలనివ్వలేదు. నోరు తెరిచాను.

"వెంగ్ అన్నా, దూరమెంత, ఎత్తెంత?"

"ఐదు మైళ్ళు," అన్నాడు. తర్వాతి అంకె చదవడానికి ఆయనకు కాస్త సమయం పట్టింది. "ఎనిమిది వందలు."

మైలుకు మూడు వందల అడుగులు. ఇది మాకు మొదటి వారంలోనే నేర్పే లెక్క. ఐదు మైళ్ళ దూరంలో పదిహేను వందల అడుగుల పైన ఉండాలి. మేం అందులో సగంలో ఉన్నాం, ఇంకా దిగుతున్నాం.

"ముల్లు మధ్యలోనే ఉంది కదా, షియావ్ పెంగ్," అన్నాడు వెంగ్ అన్న నాతో మెల్లగా. అది సలహా కాదు. ఆయనకూ భయం పట్టుకుంది, అంతే.

"ముల్లు చచ్చిపోయిందన్నా. గో అరౌండ్."

ఎర్ర మీట జోలికి పోలేదు. ఎడమ చేతి కింద ఉన్న మీట నొక్కాను. ఇంజన్లు హోరెత్తాయి, ముక్కు లేచింది, వీపు సీటుకు అతుక్కుపోయింది. దిగకుండా మళ్ళీ పైకి వెళ్ళిపోతున్నాం. వెంగ్ అన్న చక్రాలు పైకి లాగాడు.

వెనకనుంచి యో ఆపమన్నాడు. గది ఊగడం మానేసింది. ఎందుకు లేపావని అడిగాడు. దూరానికీ ఎత్తుకూ పొత్తు కుదరలేదని చెప్పాను. తాను ఏ లోపమూ పెట్టలేదని, గాలి తప్ప మరేమీ పెట్టలేదని ఆయన అన్నాడు. పెట్టని లోపాన్ని చూశానంటే, ఇక నా సంగతి తెలిసిపోయినట్టే.

"అయితే మళ్ళీ మద్దెలే ఓడంటావా?"

"అవును సార్," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఈసారి ఓడే."

యో విమానాన్ని నేను మీట నొక్కిన చోటికి వెనక్కి తెచ్చి నిలబెట్టాడు. ఇంకో మీటతో పొగమంచు తీసేశాడు.

కింద సముద్రం. అలల నురగ లెక్కపెట్టగలిగేంత దగ్గరగా ఉంది. జూవే రేవు గోడ ఇంకా ఎక్కడో ముందుంది, రన్‌వే దానికీ అవతల. మేం దిగుతున్న తీరున పోతే రేవు చేరకముందే నీళ్ళలో పడేవాళ్ళం. సిమ్యులేటర్‌లో రేవు బొమ్మ గీశారు గాని స్క్విడ్ దుకాణాలు గియ్యలేదు. అయినా అమ్మ ఎక్కడ నిలబడుతుందో నాకు తెలుసు, అటే చూశాను. తెర మీద ముల్లు మాత్రం ఇంకా నడిమధ్యనే, బుద్ధిగా ఉంది.

యో లేచి వచ్చి మా ఇద్దరి సీట్ల మధ్య నిలబడ్డాడు. చాలాసేపు ఆ ముల్లునే చూశాడు.

"నేను చూళ్ళేదు," అన్నాడు. "నీ చేతులు చూస్తూ కూర్చున్నాను."

చువాంగ్ వచ్చి ముందు పొట్లం తేదీ చూశాడు. ఇంకా చాలా గడువుంది. అప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుని అరగంట తవ్వాడు. ఈ రన్‌వేకి గాలి పెంచినప్పుడు ఒక్కోసారి ఎత్తు కిరణం లెక్క మధ్యలో ఇరుక్కుపోతోందని, అప్పుడు విమానం ఎక్కడున్నా ముల్లును మధ్యలోనే చూపిస్తుందని తేల్చాడు. ఏప్రిల్‌లో కూడా ఇలాగే జరిగిందా అని యో అడిగాడు. ఆ ప్రశ్న అడగడానికి నాకు ధైర్యం లేక నాలుక మీదే పెట్టుకుని ఉన్నాను.

"ఏప్రిల్ రికార్డులు ఉండవు సార్," అన్నాడు చువాంగ్. "మూడు నెలలు దాటితే మెషీనే వాటిని చెరిపేసుకుంటుంది."

అప్పుడు వచ్చింది నాకు అసలు కోపం. ఆరు నెలలు నా చేతులను దొంగల్లా చూసుకున్నాను. అవి దొంగలో కావో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. నేనే ఏదో పిచ్చి భయంతో నొక్కానో, ఈ చచ్చిన ముల్లునే చూసి మాట దొరక్క నొక్కానో, ఎప్పటికీ తెలియదు. ఏడిస్తే ఆయన ముందు ఏడ్చినట్టవుతుందని పళ్ళు బిగబట్టాను.

మెషీన్ లోపంతో జరిగిన ప్రయత్నం పరీక్ష లెక్కలోకి రాదు. నేను దించి చూపించాల్సిందే. కావాలంటే రేపు రమ్మన్నాడు యో. ఇప్పుడే చేస్తానన్నాను. రేపటిదాకా ఈ కోపాన్ని మొయ్యడం నావల్ల కాదు.

"సరే," అన్నాడు కూర్చుంటూ. "ఈసారి నేను ముల్లు చూస్తాను. నీ చేతులు నువ్వే చూసుకో."

చువాంగ్ అంతా ఆపి మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ సముద్రం, మళ్ళీ పొగమంచు, అదే గాలి. మీట నొక్కి ఊపిరి బిగబట్టాను. ముల్లు పైన ఉంది. కాసేపటికి కదిలింది. చలికి వణికే ముసలమ్మలా దిగి వచ్చి మధ్యలో నిలవలేక అటూ ఇటూ ఊగింది. దాన్ని చూసి ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. వెంగ్ అన్న నేను అడగకముందే దూరమూ ఎత్తూ చదివాడు. మళ్ళీ చదివాడు. రెండూ సరిపోయాయి. సలహా చెప్పకూడదు గాని అంకెలు చదవొచ్చు కదా.

ఆఖరి రెండు వందల అడుగుల దాకా అద్దంలో ఏమీ లేదు. బొటనవేలు మళ్ళీ దురద పెట్టింది. ఆ దురద భయమో బుద్ధో నాకు తెలియదు, ఎవరూ తేల్చిపెట్టలేదు కూడా. దాన్ని అక్కడే ఉంచి అంకెలు చూశాను. అంకెలు నిజం చెబుతున్నాయి. పొగమంచులోంచి రన్‌వే దీపాలు రెండు వరసలుగా బయటపడ్డాయి. చక్రాలు నేలను తాకాయి, కొంచెం గట్టిగానే.

యో కాగితం మీద రాస్తున్న చప్పుడు వినిపించింది. ఏప్రిల్‌లోలాగే చదివి వినిపించాడు.

"యంత్రాన్ని నమ్మదు."

నేను వెనక్కి తిరిగాను. ఆయన నా చేతులను చూడడం లేదు, నా మొహం చూస్తున్నాడు.

"అప్పుడు రాసింది కూడా ఇదే కదా సార్?"

"ఇదే. ఒక్క ముక్క మార్చలేదు. దీని కింద అప్పుడు ఫెయిలని రాశాను, ఇప్పుడు పాసని రాశాను." కాగితం నా వైపు తిప్పాడు. "అప్పటిది ఎలా దిద్దాలో నాకు తెలియట్లేదు, షియావ్ పెంగ్."

ఫర్వాలేదు సార్ అనడం మా దగ్గర మర్యాద. పెద్దవాళ్ళు తల దించితే చిన్నవాళ్ళు అనాల్సిన మాట అది. నోటిదాకా వచ్చింది. మింగేశాను. తలవంచి నమస్కారం పెట్టి, సిమ్యులేటర్ మెట్లు దిగి, బయట గోడకు ఆనుకుని మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. బొటనవేలికి ఆ దురద ఇంకా ఉంది. ఈసారి నా చేతులను తిట్టలేదు.